పాదాలకు తొడుక్కునే ఆయుధం

నేను కడపలో ముప్పై ఒక్క సంవత్సరాలు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. నిలబడడమంటే ఏమిటో నా తలకంటే ముందు నా కాళ్లకు తెలుసు. రాత్రి డ్యూటీకి ఎనిమిదింటికి వార్డులో అడుగుపెడితే, పొద్దున డ్యూటీవాళ్లు వచ్చి చార్టులు అందుకునేదాకా కూర్చునే వీలు చిక్కేది తక్కువ. తెల్లవారుజామున మూడింటికి అరికాళ్లలో మంట మొదలవుతుంది, నాలుగింటికి అది పిక్కల్లోకి పాకుతుంది. కొత్తగా చేరిన పిల్లలు ముచ్చటపడి నున్నటి చెప్పులు వేసుకొచ్చి, ఫినాయిలుతో తుడిచిన కడప బండల మీద సెలైన్ సీసాతో సహా జారిపడడం నేను చాలాసార్లు చూశాను. ఒంట్లో ఎంత బలమున్నా కాలికింద పట్టు లేకపోతే నిలబడలేమని ఆ బండలే వాళ్లకు నేర్పేవి.

ఈ సంగతి ఇక్కడ చెప్పడానికి కారణముంది. బైబిలులో, యేసు అపొస్తలుడు పౌలు ఎఫెసు పట్టణపు విశ్వాసులకు రాసిన ఉత్తరం ఒకటుంది, దాన్ని ఎఫెసీయులకు రాసిన పత్రిక అంటాం. సాతానును ఎదిరించడానికి సైనికుడిలా 'సర్వాంగ కవచం' తొడుక్కోమని చెప్పే దాని ఆరో అధ్యాయం మా క్రైస్తవ సంఘాలలో అందరికీ కంఠతా వచ్చిన భాగం. ఉపవాస కూడికల్లో దాన్నే చదువుతారు. సండే స్కూలు పిల్లలు అట్టముక్కలతో కత్తి, డాలు చేసుకుని క్రిస్మస్ కార్యక్రమంలో దాన్నే ఆడతారు. దట్టి (నడికట్టు), మైమరువు (ఛాతీ కవచం), జోడు (చెప్పులు), డాలు, శిరస్త్రాణం, ఖడ్గం అని వరుసగా అప్పజెబుతారు. ప్రసంగీకులు కత్తి దగ్గర గొంతు పెంచుతారు, డాలు దగ్గర ఆగుతారు, జోడు దగ్గర మాత్రం ఆగకుండా వెళ్లిపోతారు. అట్టముక్కతో జోడు చేసిన పిల్లవాణ్ని నేనింతవరకు చూడలేదు. కానీ ఆ భాగమంతటికీ కీలకం ఆ జోడులోనే ఉందని నేను నమ్ముతున్నాను, ఆ నమ్మకం నాకు చాలా ఆలస్యంగా, ఒక పెద్ద తప్పు చేశాకే కలిగింది.

పదకొండో వచనం నుంచి పద్నాలుగో వచనందాకా గ్రీకు మూలంలో 'నిలుచు' అనే ధాతువు నాలుగుసార్లు వస్తుంది. దాడి చేయమని గాని, తరిమికొట్టమని గాని పౌలు అక్కడ ఒక్కసారి కూడా అనలేదు. నిలబడమన్నాడు, ఎదిరించి నిలబడమన్నాడు, అంతా అయ్యాక కూడా నిలబడే ఉండమన్నాడు. నిలబడడానికి కాళ్లకు ఏం తొడుక్కోవాలని అడిగితే, 'సమాధాన సువార్తవలననైన సిద్ధమనస్సను జోడు' అన్నాడు. రోమా సైనికుడి జోడుకు అడుగున ఇనుప మేకులు దిగగొట్టి ఉండేవి, అవి నేలను కరిచిపట్టుకుని, ఎదుటివాడు నెట్టినప్పుడు కాలు జారకుండా ఆపేవి. రోమాలో తన అద్దె ఇంట్లో రెండేళ్లు ఒక సైనికుడి కాపలాలో ఉన్న పౌలుకు ఆ జోడు చప్పుడు తెలియకుండా ఉండదు. అలాంటివాడు, నేలమీద పట్టునిచ్చే వస్తువుకు సువార్త చెప్పే సిద్ధమనసును పోల్చాడంటే ఏదో అలవాటుగా పోల్చి ఉండడు. చెప్పడానికి సిద్ధంగా ఉన్నవాడే నిలబడగలడని ఆయన అంటున్నాడు. మనమేమో దాన్ని తలకిందులు చేసుకున్నాం. ముందు విశ్వాసంలో గట్టిగా నిలబడదాం, ఆ తరువాత వీలైతే, వరముంటే, నలుగురికీ చెబుదాం అనుకుంటాం. చెప్పడాన్ని అదనపు సేవగా, పాస్టరయ్యల పనిగా పక్కన పెడతాం.

నేను కూడా చాలా ఏళ్లు అలాగే పెట్టాను. 'నా బ్రతుకే నా సాక్ష్యం, నోటితో చెప్పనక్కరలేదు' అనేది నా మాట. ఆ మాటలో కొంత నిజముంది. చేతిలో దయ లేని నర్సు నోట సువార్త పలికితే ఎవరికీ ఉపయోగం లేదు. అయితే ఆ నిజం వెనక నేను ఒక పిరికితనాన్ని దాచుకున్నాను, అది దాగలేదు.

నాతో ఇరవై ఏళ్లు కలిసి పనిచేసిన ఒక అక్క ఉండేది. శనివారం ఒంటిపూట భోజనం చేసే వెంకటేశ్వరస్వామి భక్తురాలు. నా ఇద్దరు కాన్పుల్లోనూ మా అమ్మకంటే ముందు వచ్చి నిలబడిన మనిషి. ఆమె భర్త ఉన్నట్టుండి చనిపోయాడు. నెల దాటాక డ్యూటీలో చేరింది. ఒక రాత్రి భోజనాల వేళ ఇద్దరం ఆసుపత్రి మిద్దె మీదికి వెళ్లి కూర్చున్నాం. ఆమె డబ్బా మూత తీసి, జొన్నరొట్టె తుంచి, నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని అడిగింది.

"ఏమ్మే, నాకు రాత్రిళ్లు భయమైతాంది. చనిపోయినోళ్ల గురించి మీ దేవుడు ఏం చెప్తాడు? పుస్తకంలో ఉండేది కాదు, నువ్వు నమ్మేది చెప్పు."

నేను ఆమె ముఖం చూడలేదు. "అందరు దేవుళ్లూ ఒకటేలేక్కా. ధైర్యంగా ఉండు. కిందికి పోయి టీ తాగుదాం రా," అన్నాను.

ఆమె ఆ రొట్టె ముక్కను మళ్లీ డబ్బాలో పెట్టి మూత వేసింది. ఆ తరువాత నన్ను ఆ సంగతి ఎప్పుడూ అడగలేదు. రెండేళ్లకు పని మానేసి కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్లిపోయింది.

నేను ఆ రాత్రి మర్యాద పాటించానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. కానీ ఆమె నన్ను మర్యాద అడగలేదు, నా నమ్మకం అడిగింది. చనిపోయి లేచినవాణ్ని నమ్ముతున్నానని ప్రతి ఆదివారం నిలబడి విశ్వాస ప్రమాణం చెప్పే నేను, చావు గురించి భయపడుతున్న ఆప్తురాలు అడిగిన ఒక్క ప్రశ్నకు నేను నమ్మని జవాబు చెప్పాను. అందరు దేవుళ్లూ ఒకటేనని ఆమె కూడా నమ్మదు. అది ఇద్దరిలో ఎవరి మాటా కాదు, ప్రశ్న నుంచి తప్పించుకోవడానికి నేను పట్టుకున్న ఊతకర్ర.

యేసు పట్టుబడిన రాత్రి, శిష్యుడైన పేతురు యేసును ఎరుగనని బొంకి పడిపోయిన చోటు కూడా ఇలాంటిదే. ఆయన రాజు ముందు, కొరడా ముందు పడిపోలేదు. చలిమంట దగ్గర ఒక పనిపిల్ల అడిగిన మాటకు పడిపోయాడు. అంతకు కొన్ని గంటల ముందే యేసు ఆయనతో, సాతాను మిమ్మును గోధుమలవలె జల్లించుటకు కోరుకున్నాడని చెప్పాడు. జల్లెడ పట్టడం తెలిసిన మా సీమ ఆడవాళ్లకు ఈ పోలిక వివరించనక్కరలేదు. జల్లెడ కొట్టదు, నరకదు, కాలికింద ఏ ఆధారమూ లేకుండా ఊపుతుంది. ఆత్మీయ పోరాటమంటే మనం దెయ్యాలు పట్టి ఊగేవాళ్లను ఊహించుకుంటాం, కానీ నా అనుభవంలో అది చాలావరకు ఇలాగే, ఎవరూ చూడని మిద్దె మీద, రొట్టె ముక్క చేతిలో ఉండగా జరుగుతుంది. ఎదుట శత్రువు కూడా ఉండడు. మనం ప్రేమించే మనిషే ఉంటుంది.

నేనెందుకు నోరు తెరవలేదో తరువాత చాలా ఆలోచించాను. నా భయానికి వేర్లు ఉన్నాయి. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు కడపలో పని మొదలుపెట్టింది 1822లో. మా జేజి వాళ్ల పెద్దలు యేసును నమ్మింది మాత్రం ఆ తరువాత అర్ధశతాబ్దానికి, 1876-78 నాటి ధాత కరువు రోజుల్లో. అందుకే చిన్నప్పటి నుంచి మేము వింటూ వచ్చిన మాట ఒకటుంది: 'గంజికి మతం మారినోళ్లు'. బడిలో విన్నాను, నర్సింగు హాస్టల్లో విన్నాను, నవ్వుతూ అన్నవాళ్ల దగ్గరా విన్నాను. నోరు తెరిచి యేసు అన్నానంటే ఆ గంజి మాట మళ్లీ లేస్తుందని నాలో ఒక వణుకు. విశ్వాసమనే డాలు ఆర్పవలసిన అగ్నిబాణాలని పౌలు అన్నవాటిలో ఈ సిగ్గు ఒకటని నేను గ్రహించడానికి నడివయసు దాటింది.

దానికి మా జేజి చెప్పిన జవాబు ఇప్పుడు నాకు చాలు. "గంజి ఆ రెండేండ్లే పోసినారు పాపా. ఆ తర్వాత ఎవురు పోసినారు?" అనేది. గంజి ఆగిపోయింది, వానలు పడ్డాయి, ఊరి బావిలో నీళ్లు మాత్రం వాళ్లకు దొరకలేదు, అయినా వాళ్లు మళ్లలేదు. ఆకలి తీసుకొచ్చి ఉండవచ్చు, కానీ తరతరాలు నిలబెట్టింది ఆకలి కాదు. ఆకలిగా ఉన్నవాడి దగ్గరికి అన్నంతో వచ్చిన దేవుణ్ని నమ్మడంలో సిగ్గుపడవలసింది ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ మాట అన్నవాళ్ల మీద నాకు కోపం లేదని చెప్పలేను. అయితే 'మనము పోరాడునది శరీరులతో కాదు' అనే వాక్యం నా కోపాన్ని కట్టిపడేస్తుంది. పక్కింటివాడు నా శత్రువు కాడు. మా సంఘాలలో కొందరు ఈ పోరాటాన్ని ఊరి మీది పోరాటంగా మార్చేశారని బాధతోనే రాస్తున్నాను. రాత్రి పదకొండింటికి మైకు పెట్టి ఎదుటివాళ్ల దేవతలను దూషించడం, జబ్బుపడ్డవాళ్ల ఇంటికి పోయి మీ పూజగదే ఈ జబ్బుకు కారణమని చెప్పడం సర్వాంగ కవచం కాదు. అది కవచం లేనివాడు వేసే కేక. ఎఫెసు పట్టణంలోనే స్కెవ కుమారులు ఏడుగురు యేసు పేరును మంత్రంలా వాడబోయి, ఒంటి మీద బట్టల్లేకుండా పారిపోయిన సంగతి బైబిలులోని అపొస్తలుల కార్యములలో ఉంది. కడప లాంటి ఊళ్లో అలా కేకలు వేయడం మరీ తప్పు. ఉగాదినాడు ముస్లింలు దేవుని కడప గుడికి వచ్చి బీబీ నాంచారమ్మను తలుచుకుంటారు, అమీన్‌పీర్ దర్గాకు అన్ని కులాలవాళ్లూ వెళతారు. ఇంత సహనమున్న ఊళ్లో నమ్మకం గురించి మాట్లాడడానికి తిట్టు అక్కరలేదు. కాకపోతే ఆ సహనమే నాలాంటివాళ్లకు దాక్కునే చోటు కూడా అయింది. పక్కవాడి నమ్మకాన్ని గౌరవించడం వేరు, నా నమ్మకాన్ని మింగేయడం వేరు.

మతప్రచారమే నేరమన్నట్టు ఈ మధ్య మాట్లాడుతున్నారు కాబట్టి ఒక సంగతి చెప్పాలి. రాజ్యాంగంలోని 25వ అధికరణం మతాన్ని నమ్మడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి కూడా హక్కు ఇచ్చింది. అది శాంతిభద్రతలకు, నైతికతకు, ఆరోగ్యానికి లోబడిన హక్కు. 1977లో సుప్రీంకోర్టు ఆ హక్కుకు అర్థం చెబుతూ, తన మత సూత్రాలను వివరించి వ్యాపింపజేయవచ్చు గాని మరొకరిని తన మతంలోకి మార్చే హక్కు అందులో లేదని తీర్పునిచ్చింది. ఆ తీర్పును తప్పుపట్టే క్రైస్తవులు చాలామంది ఉన్నారు, వాళ్ల న్యాయవాదనలు తూచే చదువు నాకు లేదు. విశ్వాసిగా మాత్రం నాకు అందులో ఇబ్బంది కనపడలేదు. మనిషిని మార్చడం నా చేతిలో ఉన్న పనే కాదు. నేను నాటగలను, నీళ్లు పోయగలను, వృద్ధి కలుగజేసేవాడు దేవుడు. నా వంతు చెప్పడం, అది కూడా నిజం చెప్పడం. నడుముకు మొదట కట్టుకోవలసిన దట్టి సత్యమే కదా.

నా ఉద్యోగం వల్ల నేను ఒక కట్టుబాటు కూడా పెట్టుకున్నాను, దాన్ని ఇప్పటికీ సమర్థిస్తాను. మంచం మీద ఉన్న రోగికి నా అంతట నేను సువార్త చెప్పకూడదు. అతని ప్రాణం, నొప్పి, మూత్రం గొట్టం అన్నీ నా చేతిలో ఉంటాయి. వద్దని చెప్పే స్వేచ్ఛ లేనివాడి దగ్గర చెప్పే మాట సువార్త కాదు, ఒత్తిడి. 'మీలో ఉన్న నిరీక్షణను గూర్చి మిమ్మును హేతువు అడుగు ప్రతివానికిని' సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమని రాసినవాడు, 'సాత్వికముతోను భయముతోను' అని కూడా రాశాడు. ఆ మాట రాసింది చలిమంట దగ్గర జవాబు చెప్పలేక ఏడ్చిన పేతురే అని గుర్తొచ్చిన ప్రతిసారీ నా కళ్లు చెమ్మగిల్లుతాయి.

నాకు ఆపద్దినం వచ్చింది మిద్దె మీది రాత్రి తరువాత ఆరేళ్లకు. మా ఆయనకు పక్షవాతం వచ్చి పదకొండు నెలలు మంచంలో ఉన్నాడు. వందలమందికి పక్క మార్చినదాన్ని, నా భర్తకు వీపున పుండ్లు పడకుండా ఆపలేకపోయాను. ప్రార్థన చేయబోతే మాట వచ్చేది కాదు. దేవుడున్నాడా అనే అనుమానం కాదు నన్ను తిన్నది. ఉన్నాడు గాని నేను ఆయన్ని ఎరుగనన్నట్టు మాట్లాడినదాన్ని కాబట్టి ఆయన కూడా నన్ను ఎరుగనంటున్నాడు అనే ఆలోచన. అపవాది అనే పేరుకు నింద మోపేవాడని అర్థం. ఆ నెలల్లో వాడి గొంతు నాకు బాగా తెలిసింది, వాడు అబద్ధంతో రాలేదు, నా నిజమైన తప్పునే పట్టుకుని వచ్చాడు.

డాలు అంటే మనకు చేతికి తగిలించుకునే గుండ్రటి పలక గుర్తొస్తుంది. పౌలు వాడిన గ్రీకు మాట 'తలుపు' అనే మాట నుంచి పుట్టింది. అది మెడ నుంచి మోకాలిదాకా కప్పే తలుపులాంటి డాలు. సైనికులు పక్కపక్కన నిలబడి డాలుకు డాలు ఆనిస్తే గోడ అయ్యేది. మా సంఘంలోని స్త్రీల సమాజంవాళ్లు వారానికి రెండు మధ్యాహ్నాలు వచ్చేవాళ్లు. వాళ్లలో ఒకామె చేపలమ్మేది, ఒకామె అంగన్‌వాడీలో ఆయా. వచ్చి ఉపదేశాలేమీ చేయలేదు. ఒకరు మా ఆయన్ని పక్కకు ఒత్తిగిలిస్తే, ఒకరు దుప్పటి మార్చేవాళ్లు, తరువాత గోడకు ఆనుకుని కూర్చుని ఒక పాత కీర్తన పాడేవాళ్లు. నేను పాడలేకపోయేదాన్ని, వాళ్లు నా వంతు కూడా పాడేవాళ్లు. ఒక రోజు ఆ చేపలమ్మే ఆమెతో మిద్దె మీద జరిగింది చెప్పుకున్నాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. "పేతురును యేసయ్య మళ్లీ అడిగినాడు కదమ్మా. నిన్ను కూడా అడుగుతాడులే," అంది. మా ఆయన ఆ శ్రావణంలో పోయాడు. నేను పడిపోలేదు. నా డాలు నా చేతి నుంచి జారిపోయిన రోజుల్లో పక్కవాళ్ల డాలు వెనక ఉన్నాను.

నేను రిటైరయ్యే సంవత్సరం, వేంపల్లె వైపు నుంచి చీనీ తోట రైతు ఒకాయనను గుండెనొప్పితో తీసుకొచ్చారు. ఆయన భార్య వరండాలో బండ మీద కూర్చుని, గండి ఆంజనేయస్వామికి మొక్కుకుని కట్టుకున్న ముంజేతి దారాన్ని తిప్పుతూ ఉండేది. మూడో రాత్రి మందుల రౌండు ముగించి బయటికి వస్తుంటే కొంగు పట్టుకుని ఆపింది.

"సిస్టరమ్మా, మూడు రాత్రుల్నుంచి చూస్తాండా. ఇన్ని సావులు చూసి కూడా ఇంత నిమ్మళంగా ఎట్లుంటావు తల్లీ? నువ్వు ఎవుర్ని తలుచుకుంటావు?"

మిద్దె మీది చల్లగాలి మళ్లీ నా ఒంటికి తగిలినట్టయింది. ఆమె పక్కన బండ మీద కూర్చున్నాను. ముందుగా, నేనేం చెప్పినా, ఆమె దాన్ని ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, లోపల ఆమె భర్తకు అందే వైద్యంలో రవ్వంత తేడా రాదని చెప్పాను. తరువాత చెప్పాను. "నేను యేసయ్యను తలుచుకుంటానమ్మా. ఆయన కూడా ఒక స్నేహితుని సమాధి దగ్గర నిలబడి ఏడ్చినాడు. తర్వాత తానే సమాధిలోకి పోయి, మూడో పొద్దు లేచినాడని నమ్ముతాను. అందుకే మా ఆయన పోయినప్పుడు అంతా అయిపోయిందని నేను అనుకోలేదు. నిమ్మళం నాది కాదు, ఆయన ఇచ్చింది." అంతే. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టి ఉండదు. గొంతు వణికింది, వాక్యం ఒక్కటీ సరిగ్గా అప్పజెప్పలేదు.

ఆమె "మంచి మాట సెప్పినావు" అని, ముంజేతి దారాన్ని అలాగే తిప్పుతూ గోడకు తల ఆనించుకుంది. దారం తీసేయమని నేను చెప్పలేదు, చెప్పాలని కూడా అనిపించలేదు. అయిదో రోజు ఆయన కోలుకుని ఇంటికి వెళ్లాడు, వాళ్లను మళ్లీ చూడలేదు. ఆమె నమ్మిందా లేదా అన్నది నా లెక్కలో లేదు. నేను లేచి వార్డులోకి నడుస్తుంటే, కొన్నేళ్ల తరువాత మొదటిసారి, నా కాళ్లు నేలను పట్టుకున్నట్టు అనిపించింది. సంకెళ్లలో ఉన్న పౌలు ఎఫెసు సంఘాన్ని కోరిన ప్రార్థన విడుదల కోసం కాదు, నోరు తెరిచినప్పుడు ధైర్యంగా మాట్లాడగలగడం కోసం. అది ఆయనకు ఎందుకంత అవసరమనిపించిందో ఆ వరండాలో నాకు తెలిసింది.

మొన్న శుభ శుక్రవారం ఆరాధనలో పేతురు భాగం చదివారు. ఇంటికొచ్చి, బెంగళూరులో ఉన్న అక్క నంబరు పాత డైరీలో వెతికి ఫోను చేశాను. గొంతు గుర్తుపట్టింది. బాగోగులు మాట్లాడుకున్నాక, "అక్కా, మిద్దె మీద ఒక రాత్రి నువ్వు నన్నొకటి అడిగినావు, గుర్తుందా?" అన్నాను. అవతల కుక్కర్ విజిల్ వేసింది. కాసేపటిదాకా ఆమె మాట్లాడలేదు.

"గుర్తుంది. నువ్వు టీ తాగుదాం రమ్మన్నావు."

"అప్పుడు చెప్పలేదక్కా. నువ్వు వింటానంటే ఇప్పుడు చెప్తా."

"ఉండు," అంది, "స్టవ్ ఆపొస్తా."